నడుమున పిస్టల్... నెత్తిన బాధ్యత

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల భూమి ధర పెరిగింది. దాంతోపాటే ‘ఒక చిన్న పిస్టల్ దగ్గరుంటే మంచిది’ అన్న మాటా వినిపిస్తోంది. ఏ పిస్టల్ అన్నది తర్వాతి సంగతి. ఎవరికి, ఎందుకు, ఎలా అన్నది ముందు తేలాలి.

2024 జూన్‌లో ఒక పట్టపగలు మేడ్చల్‌లోని నగల దుకాణంలోకి ఇద్దరు దొంగలు చొరబడ్డారు. ఒకరు బుర్ఖా వేసుకుని వచ్చారు. అడుగుపెట్టిన కాసేపటికే యజమానిని కత్తితో పొడిచారు. ఆయన గాయంతోనే బయటికి పరుగెత్తి గట్టిగా కేకలు వేశారు. దొంగలు బైక్ ఎక్కి పారిపోయారు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ దృశ్యాలు టీవీల్లో, ఫోన్లలో తిరిగాయి. వాటిని చూసిన వ్యాపారుల్లో చాలామందికి వచ్చే ప్రశ్న ఒక్కటే: ఆయన దగ్గర చిన్న పిస్టల్ ఉండి ఉంటే?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. గల్లా పెట్టె ముందు కూర్చుని బతికే మనిషి భయం నిజమైనది. జవాబు కూడా అంతే నిజాయతీగా ఉండాలి. చేతికందే దూరంలో కత్తి పట్టుకున్న మనిషి ఉన్నప్పుడు చొక్కా కింది పిస్టల్ బయటికి తీసి, గురిచూసి, కాల్చేంత వ్యవధి ఉండదు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పోలీసుకే అది కష్టం. ఆ రోజు యజమానిని కాపాడినవి రెండు: పరుగు, అరుపు.

అలాగని చేతి తుపాకీ ఎవరికీ అక్కర్లేదని అనలేం. నేరగాళ్లు పేరు పెట్టి బెదిరిస్తున్న వ్యక్తి ఉండొచ్చు. వృత్తిరీత్యా విలువైన సరుకుతో రాత్రిపూట తిరగాల్సినవారు ఉండొచ్చు. సాక్ష్యం చెప్పినందుకు ప్రాణభయంతో బతికేవారు ఉండొచ్చు. వాళ్ల కోసం చట్టం ఒక దారి పెట్టింది. ఆ దారిలో నడవాల్సినవారికీ, ఆ దారి తమకు అవసరమేమోనని ఆలోచిస్తున్నవారికీ ఈ కథనం.

పొలం ప్లాటయ్యాక

2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పుట్టేనాటికే ఈ ప్రాంతం సగం నగరమైపోయింది. ఒకవైపు మేడ్చల్ మీదుగా నాగ్‌పుర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి. మరోవైపు శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. రెండింటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పరిశ్రమలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఆ పక్కనే బిట్స్ పిలానీ ప్రాంగణం. వరి, కూరగాయలు పండిన నేల గజాల లెక్కన అమ్ముడుపోతోంది.

భూమి విలువ పెరిగినచోట తగాదా విలువ కూడా పెరుగుతుంది. హద్దురాళ్ల గొడవలు, ఒకే స్థలానికి రెండు రిజిస్ట్రేషన్లు, వాటాల పంచాయితీలు, వారమంతా తాళం వేసి ఉండే ఫామ్‌హౌస్‌లు, అడ్వాన్సుల కోసం చేతులు మారే నగదు... ఇవన్నీ కలిసి కొత్త రకం భయాన్ని తెచ్చాయి. 2022 మార్చి 1న హైదరాబాద్‌కు మరో అంచున, ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపారు. ఆ వార్త ఔటర్ చుట్టూ ఉన్న ప్రతి వెంచర్ ఆఫీసులోనూ చర్చకు వచ్చింది. 2023 జులైలో శామీర్‌పేటలోని ఒక విల్లాలో కుటుంబ వివాదం ముదిరి ఎయిర్‌గన్ పేలింది. ఎవరి ప్రాణమూ పోలేదు కానీ, తుపాకీ మాట ఊళ్లోకి వచ్చేసింది.

ఆయుధాలు ఈ ప్రాంతానికి కొత్తకాదు. హకీంపేటలో వాయుసేన స్థావరం ఉంది. సీఐఎస్‌ఎఫ్ శిక్షణ సంస్థ నీసా ఉంది. అల్వాల్, బొల్లారం వైపు కాలనీల్లో మాజీ సైనికులు ఎందరో. వాళ్లలో కొందరు లైసెన్స్ తుపాకీతో బ్యాంకుల దగ్గర, నగదు వాహనాల్లో కాపలా ఉద్యోగాలు చేస్తున్నారు. తుపాకీని పనిముట్టుగా చూసే అలవాటు వాళ్లకుంది. దాన్ని హోదాగా చూసే అలవాటు మాత్రం వేరేచోటి నుంచి వచ్చింది.

చూపించడానికే పుట్టిన తుపాకీ

తెలంగాణ పల్లెలో తుపాకీ మొదట దొర గడీ గోడమీద కనిపించింది. దాన్ని పేల్చాల్సిన పని అరుదు. అది ఉందని ఊరంతటికీ తెలిస్తే చాలు, వెట్టిచాకిరీ సాగిపోయేది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో రైతులు, కూలీలు తిరిగి ఆయుధం పట్టింది ఆ భయాన్ని ఎదిరించడానికే. మల్లు స్వరాజ్యం లాంటి యువతులు దళాల్లో తుపాకీ భుజాన వేసుకున్న చరిత్ర మనది.

తర్వాతి దశాబ్దాల్లో మరో పాఠం దొరికింది. నక్సల్ దళాలు బలంగా ఉన్న రోజుల్లో పల్లెల్లోని లైసెన్స్ తుపాకులే వాళ్లకు తేలిగ్గా దొరికే ఆయుధాలయ్యాయి. ఎవరింట్లో తుపాకీ ఉందో ఊరందరికీ తెలుసు కాబట్టి దళానికీ తెలిసేది. రక్షణ కోసం తెచ్చుకున్న ఆయుధమే అర్ధరాత్రి తలుపు తట్టించింది. ఉందని అందరికీ తెలిసిన తుపాకీ దాన్ని కోరుకునేవాళ్లను కూడా ఇంటికి రప్పిస్తుంది.

ఆ పాఠం నగర శివారుకు చేరినట్టు లేదు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చడం, పుట్టినరోజు కేకు పక్కన పిస్టల్ పెట్టి ఫొటో దిగడం, సెటిల్‌మెంట్ బల్లమీద దాన్ని తీసి పెట్టడం... ఇవన్నీ గడీ గోడమీది తుపాకీకి వారసులే. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్ స్వాతంత్ర్య ర్యాలీలో అప్పటి మంత్రి ఒకరు పోలీసు తుపాకీతో గాల్లోకి కాల్చడం పెద్ద దుమారమైంది. అది రబ్బరు తూటా అని ఆయన వివరణ ఇచ్చారు. ఏ తూటా అయినా, చూస్తున్న కుర్రాళ్లకు చేరిన సందేశం ఒక్కటే.

నా మాట స్పష్టంగా చెబుతాను: నలుగురూ చూడాలని కోరుకునే తుపాకీ ఎవరినీ కాపాడదు. ఎవరికీ తెలియకుండా, ఏళ్ల తరబడి, ఒక్కసారి కూడా బయటికి తీయకుండా మోయగలనన్న నమ్మకం ఉన్నవాళ్లే లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి.

కప్పి ఉంచమంటోంది చట్టం

బ్రిటిష్ ప్రభుత్వం 1878లో తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుల చేతిలో ఆయుధం ఉండాలంటే లైసెన్స్ తప్పనిసరి చేసింది, యూరోపియన్లను మినహాయించింది. ఆ వివక్ష మీద కోపంతోనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండడాన్ని పౌరుల హక్కుల్లో చేర్చింది. రాజ్యాంగంలోకి మాత్రం అది రాలేదు. 1959లో వచ్చిన కొత్త ఆయుధ చట్టం లైసెన్స్‌ను ప్రభుత్వ అనుమతిగానే ఉంచింది. అమెరికాలో లాగా ఇక్కడ తుపాకీ రాజ్యాంగ హక్కు కాదు.

2016 ఆయుధ నిబంధనల్లోని 32వ నిబంధన ప్రతి లైసెన్స్‌దారూ చదవాల్సినది. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లో గానీ, వీపు సంచిలాంటి దానిలో గానీ మాత్రమే తీసుకెళ్లాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. మోస్తున్న మనిషి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఆడించడం, ఝళిపించడం నిషిద్ధం, లైసెన్స్ పోతుంది. అంటే మన దేశంలో తుపాకీని దాచి మోయడం మోసేవారి ఇష్టానికి వదిలిన విషయం కాదు, చట్టం విధించిన షరతు.

2019 సవరణ మరికొన్ని మార్పులు తెచ్చింది. ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు. నిషిద్ధ ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. ఉత్తరాది నుంచి తెప్పించిన నాటు తుపాకీ చవకగా దొరుకుతుందని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు. అది ఎప్పుడు, ఎవరి చేతిలో పేలిపోతుందో తయారుచేసినవాడికీ తెలియదు.

ఎయిర్‌గన్‌ను కూడా బొమ్మ అనుకోవద్దు. .177 క్యాలిబర్ దాటినా, 20 జౌళ్లకు మించిన శక్తి ఉన్నా దానికీ లైసెన్స్ కావాలి. అంతకన్నా తక్కువ శక్తి ఉన్నది కూడా కంటికి తగిలితే చూపు పోతుంది.

లైసెన్స్ ఎలా వస్తుంది?

పోలీసు కమిషనరేట్ల పరిధిలో లైసెన్స్ ఇచ్చే అధికారం కమిషనర్‌ది, మిగతా జిల్లాల్లో కలెక్టర్‌ది. మేడ్చల్, శామీర్‌పేట కమిషనరేట్ పరిధిలోనివి కాబట్టి ఇక్కడివారి దరఖాస్తు కమిషనర్‌కే వెళ్తుంది. వయసు 21 నిండాలి. దరఖాస్తుతో పాటు గుర్తింపు, చిరునామా పత్రాలు, శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం కావాలి. ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటుపై హామీ ఇవ్వాలి. తర్వాత స్థానిక పోలీసులు విచారిస్తారు. కేసులు, అలవాట్లు, ఇరుగుపొరుగుతో తగాదాలు చూస్తారు. ముప్పు నిజమా కాదా అన్నదీ పరిశీలిస్తారు.

ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. దానర్థం, ఆస్తి చాలినంత ఉంటే లైసెన్స్ వచ్చి తీరుతుందని కూడా కాదు. కొలమానం ముప్పు, నడవడిక. దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే అవకాశం ఉంది. మంజూరైన ప్రతి లైసెన్స్‌కూ జాతీయ డేటాబేస్‌లో ఒక విశిష్ట సంఖ్య ఉంటుంది.

లైసెన్స్ వచ్చాక కూడా షరతులు వెంటే ఉంటాయి. అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది, గీత దాటి తీసుకెళ్తే నేరం. ఎన్నికల సమయంలో పోలీసులు ఆదేశిస్తే ఆయుధాన్ని స్టేషన్‌లోనో, అనుమతి ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాలి. లైసెన్స్‌దారు చనిపోతే తుపాకీ బీరువాలోని నగలాగా వారసులకు దక్కదు. దాన్ని జమ చేసి, వారసుడు కావాలనుకుంటే తన పేరున కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. తండ్రి పోయాక ఏళ్ల తరబడి అటకమీద రివాల్వర్ ఉంచుకున్న కుటుంబం తెలియకుండానే నేరం చేస్తున్నట్టు.

ఎంపిక: చిన్నదే మేలైనదా?

లైసెన్స్ కోసం తిరిగేవాళ్లలో చాలామంది ముందే అమెరికా వీడియోలు చూసి వస్తారు. గ్లాక్ 19, సిగ్ పి365 అంటూ అరచేతిలో ఇమిడే పిస్టళ్ల పేర్లు చెబుతారు. అవి ఎక్కువగా 9 ఎం.ఎం. తూటాలవి. మన దేశంలో ఆ బోరు నిషిద్ధం, మామూలు పౌరుడికి దొరకదు. .38 రివాల్వర్లు కూడా అంతే. పైగా 1980ల నుంచి సాధారణ పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపుగా మూసుకుపోయింది. కాబట్టి మనవాళ్ల ఎంపిక ప్రధానంగా .32 క్యాలిబర్ చుట్టూనే తిరుగుతుంది, అక్కడక్కడా .22.

.32లోనే రెండు రకాల తూటాలున్నాయి. రివాల్వర్‌ది వేరు, పిస్టల్‌ది వేరు. ఒకదానిది మరోదానిలో వాడకూడదు. రెండిటి శక్తీ 9 ఎం.ఎం.లో సగం కూడా ఉండదు. తన్ను (పేలినప్పుడు వెనక్కి కొట్టే ఊపు) తక్కువ కాబట్టి కొత్తవాళ్లకు గురి నిలుస్తుంది. ప్రాణరక్షణలో తూటా బలం కన్నా అది ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం. గురి కుదరని పెద్ద తుపాకీ కన్నా గురి కుదిరిన చిన్న తుపాకీ నయం.

దేశంలో ఎక్కువ మంది దగ్గర ఉన్నది కాన్పూర్ ఆయుధ కర్మాగారాల .32 రివాల్వర్. పాత వెబ్లీ నమూనా మీద రూపొందింది, ఆరు తూటాలు పడతాయి. 2014 జనవరిలో మహిళల కోసమంటూ ‘నిర్భీక్’ వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేసిన తేలికపాటి రివాల్వర్, అప్పటి ధర 1,22,360 రూపాయలు. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డు ఏడు కంపెనీలుగా విడిపోయాక, వాటిలో ఒకటైన ఏడబ్ల్యూఈఐఎల్ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ తెచ్చింది. దాదాపు 700 గ్రాముల బరువు, 76 మిల్లీమీటర్ల బ్యారెల్. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి తూటాలు నింపడం, తీయడం తేలిక. పిస్టల్ కావాలనుకునేవారికి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ‘అశని’ ఉంది. వెబ్లీ అండ్ స్కాట్ కూడా ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో .32 రివాల్వర్ల తయారీ మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్లపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. కాబట్టి ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి.

రివాల్వరా, పిస్టలా? రివాల్వర్ మందంగా ఉంటుంది, చొక్కా కింద ఎత్తుగా కనిపించొచ్చు. కానీ అర్థం చేసుకోవడం సులువు. తూటాలు ఉన్నాయో లేవో సిలిండర్ తెరవగానే తెలుస్తుంది. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతిది వస్తుంది. ట్రిగ్గర్‌ను గట్టిగా, పొడవుగా లాగాలి కాబట్టి పొరపాటున పేలే అవకాశమూ తగ్గుతుంది. పిస్టల్ పలుచగా ఉంటుంది, ఒంటికి అంటిపెట్టుకుంటుంది. కానీ స్లైడ్ వెనక్కి లాగే బలం, జామ్ అయితే సరిచేసే అభ్యాసం కావాలి. మ్యాగజైన్ తీసేశాక కూడా చాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చన్నది ఎన్నటికీ మరవకూడదు. ‘ఖాళీయే’ అనుకున్న పిస్టల్ తీసిన ప్రాణాలు లోకంలో లెక్కలేనన్ని. ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి సాధన చేయలేని మనిషికి నా సలహా రివాల్వరే.

చిన్న తుపాకీ అంటే తేలిగ్గా కాల్చగలిగేది అనుకోవడం పెద్ద పొరపాటు. బ్యారెల్ పొట్టిదైతే గురి చూసే కొలతా పొట్టిదవుతుంది, చేతి వణుకు ఎక్కువగా ప్రభావం చూపుతుంది. పిడి మీద చిటికెన వేలికి చోటుండదు. బరువు తగ్గితే తన్ను పెరుగుతుంది. కాబట్టి జేబులో పట్టే వాటిలో అతి చిన్నది ఎంచుకోకండి, బాగా కాల్చగలిగిన వాటిలో కప్పి ఉంచడానికి వీలైనది ఎంచుకోండి. కొనేముందు చేతిలో పట్టి చూడాలి. చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి తేలిగ్గా చేరాలి. పట్టు మార్చకుండా ట్రిగ్గర్ మొత్తం లాగగలగాలి. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు స్లైడ్ లాగలేకపోతే ఆ పిస్టల్ వాళ్లది కాదు.

పాత విదేశీ తుపాకులకు మార్కెట్‌లో గిరాకీ ఉంది. ఏడెనిమిది దశాబ్దాల నాటి వెబ్లీ, వాల్తర్ లాంటివి పేరు వల్లనే లక్షలు పలుకుతాయి. స్ప్రింగులు అలిసిపోయి ఉంటాయి, విడిభాగాలు దొరకవు. ప్రాణం పెట్టి నమ్మాల్సిన వస్తువును పేరు చూసి కొనకూడదు. పాతది తీసుకోక తప్పకపోతే అర్హత ఉన్న ఆర్మరర్‌తో పరీక్ష చేయించాలి. సుత్తికీ, తూటాకూ మధ్య అడ్డుకట్ట లేని పాత రివాల్వర్ అయితే సుత్తి కింది గదిని ఖాళీగా ఉంచాలి. లేదంటే అది కిందపడితే పేలొచ్చు.

మోసే క్రమశిక్షణ

తుపాకీ మీద లక్షన్నర పెట్టి, హోల్‌స్టర్ మీద అయిదొందలు పెట్టేవారున్నారు. ఇంకొందరు ఊరికే నడుముకు దోపుకుంటారు. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. గుడ్డ ముక్కలాగా ముడుచుకుపోకుండా బిగువుగా ఉండాలి. బైక్ గుంతలో పడ్డా, మనిషి వంగినా తుపాకీ జారకూడదు. దాన్ని మోసే బెల్టు కూడా దళసరిగా ఉండాలి. తుపాకీని తిరిగి పెట్టేటప్పుడు చొక్కా కొస ట్రిగ్గర్‌లో చిక్కుకోకుండా చూసి, నెమ్మదిగా పెట్టాలి.

హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం చట్టం ఒప్పుకున్నా, ఒంటిమీద ఉన్నంత అదుపు అక్కడ ఉండదు. బ్యాగు కుర్చీ మీద పెట్టి పక్కకు వెళ్లిన క్షణంలో పిల్లలు అందులో చాక్లెట్ వెతుక్కుంటారు. కారు డ్యాష్‌బోర్డు అరలో వదిలేయడం అంతకన్నా తప్పు. కారు అద్దం పగలగొట్టిన దొంగ చేతికి ఆయుధం కూడా దొరుకుతుంది.

మన ఎండలూ లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో చెమట ఉప్పు ఉక్కును రోజుల్లోనే తుప్పు పట్టిస్తుంది. రోజూ పొడి బట్టతో తుడిచి, పలుచగా నూనె రాయాలి. ఒంటికి తగిలే తూటాలను ఏళ్ల తరబడి అలాగే ఉంచకూడదు.

సాధన లేని తుపాకీ ఉత్త బరువు. హైదరాబాద్‌కు షూటింగ్‌లో మంచి పేరుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చిన ఈషా సింగ్ ఈ నగరం బిడ్డలే. గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లాంటి చోట్ల తుపాకీ పట్టు, శ్వాస, ట్రిగ్గర్ నొక్కే తీరు నేర్పే శిక్షకులున్నారు. క్రీడగా నేర్చుకున్నవారికి మొదట అబ్బేది అదుపు. ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. లక్ష్యం వెనక ఎవరున్నారో తెలియాలి. ఈ నాలుగూ ఒంటబట్టని మనిషి చేతికి తూటాలు ఇవ్వకూడదు.

ఇంట్లోవాళ్లకు ముప్పు

బయటి దొంగ కోసం తెచ్చిన తుపాకీ ఎక్కువ కాలం గడిపేది ఇంట్లోవాళ్ల మధ్యనే. అమెరికాలోని కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మందిని పన్నెండేళ్లు గమనించిన పరిశోధన 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చేతి తుపాకీ ఉన్న మగవారికి, లేనివారితో పోలిస్తే, తుపాకీతో తమను తాము కాల్చుకుని చనిపోయే అవకాశం ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. ఆడవారిలో అది 35 రెట్లు. అప్పులు, కుటుంబ కలతలు, తాగుడు ఉన్న ఇంట్లో ఆ ఒక్క క్షణపు ఆవేశానికి తుపాకీ రెండో అవకాశం ఇవ్వదు. ఇంట్లో ఎవరైనా దిగులులో కూరుకుపోయి ఉంటే, వెంటనే ఆయుధాన్ని జమ చేసి రావడమే వాళ్లకు చేయగల మొదటి మేలు.

మన జిల్లాలోని ఉప్పల్‌కు చెందిన ఒక విద్యార్థి 2024 నవంబరులో అమెరికాలోని అట్లాంటాలో తన పుట్టినరోజునే చనిపోయాడు. వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలింది. చదువు కోసం వెళ్లినవారికి అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకీ కొననివ్వదు. వేట లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. ఆ వెసులుబాటు గురించి తెలుసుకున్నంత తేలిగ్గా భద్రత గురించి ఎవరూ నేర్పరు. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఫోన్‌లో ‘తిన్నావా’ అని అడిగినంత మామూలుగా ఈ మాటా అడగాలి.

ఇంట్లో తుపాకీకి తగిన చోటు గోడకో నేలకో బిగించిన ఉక్కు పెట్టె. తూటాలకు వేరే తాళం. తాళం చెవి లైసెన్స్‌దారు దగ్గరే ఉండాలి. దిండు కింద, బియ్యం డబ్బాలో, దేవుడి గదిలో దాచడం భద్రత కాదు. ఇంట్లో పిల్లలకు తెలియని చోటంటూ ఉండదు.

ట్రిగ్గర్ నొక్కిన తర్వాత

ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు వివరిస్తాయి. ప్రాణం పోయే, లేదా తీవ్ర గాయం అయ్యే తక్షణ ముప్పు ఉన్నప్పుడు ఎదుటివారి ప్రాణం పోయేంత వరకూ ఆ హక్కు వెళ్లొచ్చు. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు. అధికారుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదు. దొంగ వెనుదిరిగి పరుగెడుతుంటే కాల్చడం, హద్దురాయి పీకాడని కాల్చడం, తిట్టాడని కాల్చడం... వీటిలో ఏదీ ఆత్మరక్షణ కాదు.

2020 డిసెంబరు 18న ఆదిలాబాద్ తాటిగూడలో మున్సిపల్ మాజీ ఉపాధ్యక్షుడు ఒకరు గొడవలో తన లైసెన్స్ రివాల్వర్‌తో కాల్పులు జరిపారు. ముగ్గురు గాయపడ్డారు, వారిలో ఒకరు కొద్ది రోజులకు చనిపోయారు. 2022 జనవరిలో న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. చేతిలో తుపాకీ లేకపోతే అది వీధి గొడవగా ముగిసేది. ఒక కుటుంబం మనిషిని పోగొట్టుకుంది. ఇంకో కుటుంబం మనిషిని జైలుకు పంపింది. లైసెన్స్ ఉండడం ఎవరినీ శిక్ష నుంచి కాపాడలేదు.

అందుకే తుపాకీ మోసేవాడు అందరికన్నా ముందు తగ్గాలి. ట్రాఫిక్‌లో ఎవరైనా అడ్డొస్తే దారివ్వాలి. పంచాయితీకి వెళ్తే తుపాకీ ఇంట్లో తాళంలో పెట్టి వెళ్లాలి. గ్లాసు ముట్టుకునే రోజు హోల్‌స్టర్ ముట్టుకోకూడదు. ఇది నచ్చనివారికి ఈ బరువు తగదు.

చేయాల్సిన పనులు

ఈ శివార్లలో భయానికి మూలం చాలావరకు నగదు. రెండు లక్షలు, ఆపై మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపై అడ్వాన్స్ కూడా నగదుగా తీసుకోకూడదు. భూమి సొమ్ము మొత్తం బ్యాంకు దారిలో నడిస్తే, సంచి నిండా నోట్లతో ఔటర్ మీద రాత్రి ప్రయాణాలు ఉండవు. వాటికి కాపలాగా పిస్టలూ అక్కర్లేదు. దుకాణాలకు లోపలి నుంచి మీట నొక్కితే తెరుచుకునే తలుపు, అలారం, పక్క షాపులతో ఉమ్మడి హెచ్చరిక ఏర్పాటు, 100కో 112కో వెంటనే ఫోన్... ఇవి తుపాకీ కన్నా ముందు, తుపాకీ కన్నా ఎక్కువసార్లు ప్రాణం కాపాడతాయి. బెదిరింపు వస్తే మాటతో వదిలేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముందు ముందు లైసెన్స్ అడగాల్సి వచ్చినా ముప్పుకు అదే ఆధారం.

ప్రభుత్వం చేయాల్సినవీ ఉన్నాయి. 2016 చివరి నాటికి దేశంలో దాదాపు 33 లక్షల 69 వేల ఆయుధ లైసెన్స్‌లున్నాయని కేంద్ర హోంశాఖ లెక్క. ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12 లక్షల 77 వేలు. ఆ బాటలో తెలంగాణ నడవకూడదంటే, సంఖ్య మీద చూపిన శ్రద్ధ సామర్థ్యం మీద కూడా చూపాలి. అయిదేళ్లకోసారి వచ్చే పునరుద్ధరణలో కాగితాలతో పాటు కాల్పుల పరీక్ష ఉండాలి. ఇంట్లోని ఉక్కు పెట్టెను తనిఖీ చేయాలి. వైద్య పరీక్షలో మానసిక ఆరోగ్యాన్ని నిజంగా చూడాలి. నగరానికి ఉత్తరాన ఉన్న లైసెన్స్‌దారులు, కాపలా ఉద్యోగాల్లోని మాజీ సైనికులు సాధన చేసుకోవడానికి పోలీసుల పర్యవేక్షణలో ఒక రేంజ్ తెరవాలి. ఆయుధంతో ఫొటో పెట్టినవారి లైసెన్స్ ఎంత పెద్దవారిదైనా రద్దు కావాలి.

దరఖాస్తు నింపడానికి కూర్చున్నవారు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకున్న ముప్పు పోలీసు రికార్డులో ఉందా? నా కోపం నా అదుపులో ఉందా? తుపాకీ ఉన్న సంగతి ఎవరికీ చెప్పకుండా బతకగలనా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే .32లో మీ చేతికి కుదిరింది తీసుకోండి, మంచి హోల్‌స్టర్ కొనండి, ఉక్కు పెట్టె బిగించండి, ప్రతి నెలా సాధన చేయండి. ఒక్కదానికి కాదన్న జవాబు వచ్చినా ఆ లక్షన్నరతో దుకాణానికి తలుపు, ఇంటికి కెమెరా, కుటుంబానికి బీమా వస్తాయి. మేడ్చల్‌లో, శామీర్‌పేటలో ఎక్కువమంది ఇళ్లకు ఇవాళ కావాల్సిన రక్షణ ఇదే.